సముద్రం దాటి వచ్చే మాట

గోదావరికి దక్షిణాన పాత కరీంనగరు జిల్లా, ఉత్తరాన పాత ఆదిలాబాదు జిల్లా ఉన్నాయి. 2016లో వీటిని విడదీసి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, నిర్మల్, మంచిర్యాల మొదలైన కొత్త జిల్లాలను ఏర్పాటు చేశారు. ఈ ప్రాంతపు పల్లెల్లో ఏ బడికి వెళ్ళి అడిగినా, “మా బాపు దుబాయిల ఉన్నడు,” “మా కాక సౌదిల ఉన్నడు,” అని చెప్పే పిల్లలు కనిపిస్తారు. 1970ల తరవాత గల్ఫు దేశాలలో చమురు డబ్బుతో పెద్ద పెద్ద కట్టడాలు లేచాయి. వాటిని కట్టటానికి మనుషులు కావలసివచ్చారు. ఇక్కడ వర్షాలు లేక, మగ్గాలు నడవక ఇబ్బందిపడుతున్నవారు ఎందరో అక్కడికి వెళ్ళారు. ఇప్పటికీ వెళుతున్నారు.

అలా వెళ్ళిన మనిషి రెండేళ్ళకో, మూడేళ్ళకో గాని ఇంటికి రాడు. ఈలోగా ఇంటికీ అతనికీ మధ్య ఉండేది మాట ఒక్కటే. ఆ మాట సముద్రం దాటి ఎలా వస్తున్నది?

పూర్వం ఉత్తరాలు వచ్చేవి. ఒక ఉత్తరం వెళ్ళి, దానికి జవాబు రావటానికి వారాలు పట్టేవి. చదవటం రానివారు ఉత్తరం పట్టుకుని పక్కింటికి వెళ్ళవలసివచ్చేది. కొందరు తమ మాటలను క్యాసెట్టులో రికార్డు చేసి, ఊరికి వచ్చేవారి చేత పంపేవారు. ఆ తరవాత ఊరూరా టెలిఫోను బూతులు వెలిశాయి. బూతులో గోడకు ఎర్ర అంకెల మీటరు ఉండేది. విదేశానికి ఫోను చేస్తే, ఆ అంకెలు చూస్తూ గబగబా మాట్లాడి పెట్టెయ్యవలసిందే.

ఇప్పుడు చేతిలోని మొబైలు ఫోనులో ఇంటర్నెట్టు ద్వారా గంటసేపు మాట్లాడుకోవచ్చు. ఇది ఎలా సాధ్యమయింది?

పాతకాలపు టెలిఫోనులో మాట్లాడే ఇద్దరి మధ్య ఒక పూర్తి దారి ఏర్పడేది. వాళ్ళు మాట్లాడినంత సేపూ ఆ దారి వాళ్ళదే. ఇద్దరూ నోరు మూసుకుని ఊరుకున్నా సరే, ఆ దారిన మరొకరు పోవటానికి వీలులేదు. ఒక మనిషి కోసం ఒక బస్సు నడిపినట్టు! అందుకే అంత ఖరీదు.

ఇంటర్నెట్టులో అలా కాదు. ఇక్కడ మాటను ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కనూ ఒక పొట్లంలో కట్టి, పైన చిరునామా రాసి, వరస సంఖ్య వేసి పంపుతారు. ఇంజనీర్లు దీన్ని ప్యాకెట్టు అంటారు. మనం పొట్లం అనుకుందాం. ఒకే దారిలో వేలమంది పొట్లాలు కలిసి ప్రయాణం చేస్తాయి. నిండిన బస్సులో ఒక్కొక్కరి టిక్కెట్టు చవక అయినట్టే, ఇక్కడా ఖర్చు తగ్గుతుంది.

సమాచారాన్ని పొట్లాలు కట్టి పంపే ఆలోచన 1960లలో పుట్టింది. అమెరికాలో పాల్ బారన్, ఇంగ్లండులో డొనాల్డ్ డేవిస్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ పద్ధతి ఆలోచించారు. మొదట ఈ పద్ధతిలో రాతను మాత్రమే పంపారు. 1974 ఆగస్టులో అమెరికా పడమటి తీరాన కాలిఫోర్నియాలోని ఒక పరిశోధనశాలకూ, తూర్పున మసాచుసెట్సులోని లింకన్ లాబొరేటరీకీ మధ్య మనిషి గొంతును పొట్లాలుగా పంపి చూశారు. అందుకు కావలసిన నియమాలను తయారుచేసిన వారిలో డానీ కోహెన్ ముఖ్యుడు. 1995లో ఇజ్రాయెలుకు చెందిన వోకల్‌టెక్ అనే సంస్థ ఇంటి కంప్యూటరులో వాడుకునే ఇంటర్నెట్టు ఫోనును అమ్మకానికి పెట్టింది. మన దేశంలో ఇంటర్నెట్టు ద్వారా ఫోను చెయ్యటానికి 2002 ఏప్రిల్ 1 వరకు అనుమతి లేదు. 2003లో వచ్చిన స్కైప్ ప్రపంచమంతా పేరు తెచ్చుకుని, 2025 మే నెలలో మూతపడింది. వాట్సాప్‌లో మాటలు మొదలయింది 2015లో.

ఇక మాట ప్రయాణం ఎలా జరుగుతుందో చూద్దాం.

జగిత్యాల దగ్గరి పల్లెలో ఒక అమ్మాయి ఫోను పట్టుకుని, “బాపూ, మంచిగున్నవా?” అన్నదనుకోండి. ఆమె మాట గాలిలో అలలు పుట్టిస్తుంది. ఫోనులోని మైకు ఆ అలలను విద్యుత్తుగా మారుస్తుంది. అప్పుడు ఫోను ఆ విద్యుత్తును సెకనుకు వేలసార్లు కొలిచి, ప్రతి కొలతనూ ఒక అంకెగా రాసుకుంటుంది. శబ్దాన్ని ఇలా అంకెలుగా మార్చవచ్చునని 1937లో అలెక్ రీవ్స్ అనే ఆంగ్ల ఇంజనీరు కనిపెట్టాడు. టెలిఫోను సంస్థలు సెకనుకు 8,000 సార్లు కొలిచేవి. ఇప్పటి ఇంటర్నెట్టు కాల్స్‌లో 16,000 సార్లు, ఇంకా ఎక్కువసార్లు కూడా కొలుస్తారు. అందుకే దారి బాగున్నప్పుడు ఈ కాల్స్‌లో గొంతు పక్కనే ఉండి మాట్లాడినంత స్పష్టంగా వినిపిస్తుంది.

ఇన్ని అంకెలను ఉన్నవి ఉన్నట్టుగా పంపితే చాలా బరువవుతుంది. అందుచేత ఫోను వాటిని కుదిస్తుంది. మనిషి చెవి గుర్తుపట్టని వివరాలను వదిలేసి, గుర్తుపట్టే వాటినే ఉంచుతుంది. ఇలా కుదించిన దాన్ని, సాధారణంగా సెకనులో 50వ వంతు మాటకు ఒకటి చొప్పున పొట్లాలు కడుతుంది. అంటే మీరు ఒక సెకను మాట్లాడితే 50 పొట్లాలు బయలుదేరుతాయన్న మాట!

ఈ పొట్లాలు ఫోను నుంచి రేడియో తరంగాల మీద దగ్గరి టవరుకు చేరుతాయి. అక్కడి నుంచి వెంట్రుకంత సన్నని గాజు తీగలలో వెలుగు మినుకులుగా మారి, హైదరాబాదు మీదుగానో, మరొక దారినో ముంబాయి వంటి సముద్రతీర నగరాన్ని చేరుతాయి. ముంబాయి నుంచి అరేబియా సముద్రం అడుగున కేబులు వేసి ఉన్నది. ఆ కేబులు అవతలి గట్టున ఫుజైరా అనే చోట ఒడ్డెక్కుతుంది. అక్కడి నుంచి దుబాయి దగ్గరే. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. దుబాయికి 3,000 కిలోమీటర్ల దారి అనుకున్నా, సెకనులో 60వ వంతుకు ముందే వెలుగు అక్కడ ఉంటుంది. కళ్ళు ఆర్పేలోగా మాట సముద్రం దాటిపోతుంది.

సముద్రం అడుగున ఉన్నది గనక ఆ కేబులుకు ఆపద ఉండదని అనుకోకండి. 2008 జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర రెండు కేబుళ్ళు దెబ్బతిన్నాయి. మర్నాడు గడిచి ఫిబ్రవరి 1న దుబాయికీ ఒమానుకూ మధ్య మరొక కేబులు తెగింది. తీసి చూస్తే, దాని దగ్గర ఎవరో వదిలేసిన ఓడ లంగరు దొరికింది. మన దేశంలోనూ, గల్ఫులోనూ ఇంటర్నెట్టు కుంటుపడింది. 2025 సెప్టెంబరులో జెద్దా దగ్గర ఎర్రసముద్రంలో కేబుళ్ళు దెబ్బతిన్నప్పుడు కూడా అంతే అయింది. దారి తెగినప్పుడు పొట్లాలు వేరే దారి వెతుక్కుని చుట్టు తిరిగి పోతాయి. ఒకటే దారి మీద ఆధారపడకపోవటం ఈ పద్ధతిలో ఉన్న గొప్ప సుగుణం.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఈ సంగతి ప్రతి ఇంటికీ తెలియటం అవసరం.

బయలుదేరిన పొట్లాలన్నీ వరసగా చేరవు. 7వది ముందు చేరి, 6వది వెనక చేరవచ్చు. కొన్ని దారిలోనే పోవచ్చు. అవతలి ఫోను ఏం చేస్తుందంటే, వచ్చిన పొట్లాలను రెప్పపాటు కాలం ఆపి, సంఖ్యల ప్రకారం సర్ది, వినిపించటం మొదలుపెడుతుంది. ఎక్కువసేపు ఆపటానికి వీలులేదు. మాట సెకనులో 7వ వంతు కన్న ఆలస్యమయితే సంభాషణ సాఫీగా సాగదు. ఒకరు ఆగారనుకుని మరొకరు మొదలుపెడతారు, ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతారు. అందుచేత ఆలస్యంగా వచ్చిన పొట్లాన్ని ఫోను పారేస్తుంది. పెళ్ళి భోజనాలు అయిపోయాక వచ్చిన అరిటాకుల వంటిది అది!

పోయిన ముక్క చోట ఖాళీ ఉండాలి గదా? ఫోను తెలివైనది. ముందరి శబ్దాన్నే కాస్త సాగదీసి ఆ ఖాళీని పూడుస్తుంది. ఒకటి రెండు పొట్లాలు పోతే మన చెవి కనిపెట్టలేదు. కాని సిగ్నలు బలహీనమయినప్పుడు పొట్లాలు ఒకటి రెండు కాదు, గుంపులుగా పోతాయి.

ఇప్పుడు మన భాష సంగతి ఆలోచించండి. తెలుగులో ‘అవును’కూ ‘కాదు’కూ మధ్య తేడా తరచు ఒక చిన్న శబ్దంలో ఉంటుంది. పంపు, పంపకు. రండి, రాకండి. దుబాయి నుంచి ఒక తండ్రి, “ఆ ఏజెంటుకు పైసలు ఇయ్యకుండ్రి,” అన్నాడనుకోండి. అందులో ‘క’ అనటానికి సెకనులో 10వ వంతు కూడా పట్టదు. అంటే నాలుగయిదు పొట్లాలు. సరిగ్గా అవే దారిలో పోయి, ఆ ఖాళీని ఫోను పూడ్చిందంటే, ఇంట్లోవాళ్ళకు “ఇయ్యుండ్రి” అని వినిపించవచ్చు! తండ్రి వద్దన్నాడు, ఇల్లు ఇమ్మన్నాడని విన్నది. అబద్ధం ఎవరూ ఆడలేదు. కాని అప్పు చేసి కూడబెట్టిన డబ్బు చెయ్యి దాటిపోతుంది.

అందుకని ముఖ్యమైన మాటకు ఒక నియమం పెట్టుకోవాలి. విన్నవాళ్ళు ఆ మాటను తిరిగి చెప్పాలి. “పైసలు ఇయ్యద్దంటున్నవు, అంతేనా బాపూ?” అని అడగాలి. విమానం నడిపేవాళ్ళు కూడా రేడియోలో విన్న ఆజ్ఞను తిరిగి చెబుతారు.

మరొక ఉపాయం కూడా ఉన్నది. రాసి పంపిన సందేశంలో అక్షరాలు పోవు. అక్కడ పొట్లం చేరకపోతే, చేరేదాకా మళ్ళీ మళ్ళీ పంపుతారు. కాస్త ఆలస్యమయినా పరవాలేదు గనక అది సాధ్యం. మాట్లాడి రికార్డు చేసి పంపే సందేశమూ అంతే. దానిలో ముక్కలు ఎగిరిపోవు. చదవటం రాని నాయనమ్మకు ఇది ఎంతో మేలు. ఆనాటి క్యాసెట్టుకు ఇది మనుమరాలన్న మాట. డబ్బు లెక్కలు, మందుల పేర్లు, విమానం తేదీలు వంటివి ఫోనులో మాట్లాడిన తరవాత ఒకసారి రాసిగాని, రికార్డు చేసిగాని పంపించటం మంచిది.

ఈ పద్ధతి స్పష్టంగా తెలియాలంటే మీ తరగతిలో ఒక ఆట ఆడి చూడండి. “ఆ ఏజెంటుకు పైసలు ఇయ్యకుండ్రి” అన్న వాక్యాన్ని అక్షరానికి ఒక చీటీ చొప్పున 12 చీటీల మీద రాసి, వెనక వరస సంఖ్యలు వెయ్యండి. ముగ్గురు పిల్లలకు నాలుగేసి చీటీలు ఇచ్చి, మూడు వేరు వేరు దారుల్లో గది అవతలి మూలకు పంపండి. ఒకరు బెంచీల మధ్యగా, ఒకరు గోడ వెంబడి, ఒకరు వరండా చుట్టి రావాలి. అక్కడ కూర్చున్నవాడు 10 చప్పట్లు కొట్టేలోగా చేరిన చీటీలనే సర్ది చదవాలి. ఆలస్యమయినవి చెల్లవు. ఏ చీటీలు పోతే అర్థం మిగులుతుందో, ఏ ఒక్క చీటీ పోతే అర్థం తలకిందులవుతుందో మీకే తెలుస్తుంది.

పొట్లాలు పోకుండా చూసుకోవటం కూడా కొంతవరకు మన చేతిలో ఉన్నది. మాట్లాడేటప్పుడు నడుస్తూ, బస్సులో పోతూ ఉంటే ఫోను ఒక టవరును వదిలి మరొకదాన్ని పట్టుకోవలసివస్తుంది. అప్పుడు ముక్కలు పోతాయి. ఒకచోట కూర్చుని మాట్లాడటం మంచిది. ఆదిలాబాదు వైపు అడవులలో, గుట్టల మధ్య రేడియో తరంగాలకు కొండ అడ్డు వస్తుంది. గుట్ట చాటు నుంచి బయటికి, మెరకకు వస్తే సిగ్నలు బలపడుతుంది. సిగ్నలు తక్కువగా ఉన్నప్పుడు బొమ్మ ఆపేసి మాట మాత్రమే ఉంచుకోవాలి. మాట ఒక గంటకు సుమారు 40 మెగాబైట్లు తీసుకుంటుంది. బొమ్మ కూడా ఉంటే దానికి ఎన్నో రెట్లు కావాలి. బాపు ముఖం చూడాలని ఎవరికి ఉండదు? ముందు ముఖం చూసి, ఆ తరవాత బొమ్మ ఆపి, మాటలన్నీ మాట్లాడుకోవచ్చు.

సమయం కూడా గుర్తుంచుకోవాలి. దుబాయిలో గడియారం మనకన్న గంటన్నర వెనక, సౌదీ అరేబియాలో రెండున్నర గంటలు వెనక ఉంటుంది. మనకు రాత్రి 9 గంటలయితే దుబాయిలో ఏడున్నర, సౌదీలో ఆరున్నర. పని ముగించుకుని వచ్చి, వంట చేసుకునే వేళ అది.

పెద్దలు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. ప్రతి దేశానికీ తన నియమాలు ఉంటాయి. దుబాయి ఉన్న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అనుమతి పొందిన యాప్‌ల ద్వారానే ఇంటర్నెట్టు కాల్స్ చెయ్యాలి. చాలా ఏళ్ళుగా అక్కడి మనవాళ్ళు బోటిమ్ వంటివి వాడటానికి కారణం ఇదే. అవతలివాళ్ళు వాడే యాప్ మన ఫోనులో కూడా ఉంటేనే కాల్ కలుస్తుంది. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో తన నియమాలకు లోబడిన యాప్‌లకు అనుమతి ఇచ్చింది. కొందరు, “వి.పి.ఎన్. పెట్టుకో, అన్నీ కలుస్తయి,” అని సలహా ఇస్తారు. ఎమిరేట్స్‌లో నిషేధాన్ని తప్పించుకోవటానికి వి.పి.ఎన్. వాడటం నేరం కింద వస్తుంది. చట్టం ప్రకారం దానికి జరిమానా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హములు! ఒక కూలివాడు జన్మంతా కష్టపడినా అంత సొమ్ము కూడబెట్టలేడు. నియమాలు మారుతూ ఉంటాయి గనక, ప్రస్తుతం ఏది అనుమతో అక్కడ ఉన్నవారే కనుక్కుని ఇంటికి చెప్పటం క్షేమం.

ఇంటర్నెట్టు కాల్ చెయ్యలేని పని కూడా ఒకటి ఉన్నది. వాట్సాప్ నుంచి పోలీసులకో, అంబులెన్సుకో కాల్ కలవదు. ఆపద వచ్చినప్పుడు మామూలు ఫోనులోనే 112కు చెయ్యాలి.

ఇంకొక జాగ్రత్త. “మీవాడు ఇక్కడ పోలీసులకు దొరికిండు, వెంటనే పైసలు పంపుండ్రి,” అని ఎవరయినా ఇంటర్నెట్టు కాల్ చేస్తే, ఆ మాట నమ్మి డబ్బు పంపకూడదు. ఈ రోజుల్లో యంత్రాలు మనిషి గొంతును అనుకరించగలవు. ముందు ఆ కాల్ పెట్టేసి, మీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న నంబరుకు మీరే చెయ్యాలి. ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక మాటను ముందుగానే అనుకుని, దాన్ని అడగటం కూడా మంచిదే. మోసం జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930 నంబరుకు చెప్పాలి.

చూశారా, ఎక్కడో ఎడారిలో ఉన్న మనిషి గొంతు అంకెలయి, పొట్లాలయి, వెలుగయి, సముద్రం అడుగున ప్రయాణం చేసి, మళ్ళీ గొంతుగా మారి మన చెవిన పడుతున్నది. ఇంత పని యంత్రాలు చేస్తాయి. కాని విన్న మాట సరిగా విన్నామా లేదా అని తేల్చుకునే పని మాత్రం యంత్రానిది కాదు. అది ఇటు ఒకరూ, అటు ఒకరూ కలిసి చెయ్యవలసిన పని. ఇంట్లో ఫోను సంగతి బాగా తెలిసినవాళ్ళు తరచు మీరే గనక, పెద్దలకు ఆ అలవాటు నేర్పే బాధ్యత కూడా మీదే.